నర్సమ్మ మాట

నర్సమ్మ అనే మనిషి లోకంలో లేదు. అయినా ఊళ్ళో సగం ఇళ్ళలో ఆవిడ మాట చెల్లేది.

ఫోనులో ఆవిడ పేజీ తెరిస్తే ముఖం కనిపించదు. కిటికీ పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ భుజమూ, ఒళ్ళో పెట్టుకున్న చేతులూ కనిపిస్తాయి. ప్రభుత్వాసుపత్రి పురిటి వార్డులో పనిచేసి రిటైరయ్యానని చెప్పుకునేది. పసిపిల్ల ఏడుపు ఆపకపోతే ఏం చేయాలి, బాలింత ఏ పక్కకి తిరిగి పడుకోవాలి, అత్తాకోడళ్ళకి మాటామాటా వస్తే ముందు ఎవరు తగ్గాలి, అన్నీ ఓపిగ్గా రాసేది. మధ్యమధ్యలో, కూరలో ఉప్పంత, ప్రభుత్వం గురించి ఒక మంచి మాట వేసేది. ఆవిడని పుట్టించింది ఆ ఉప్పు కోసమే.

పుట్టించినవాడు పెళ్ళికాని మగవాడు. ఒకప్పుడు నాటకాల బృందంలో ఉండేవాడు. ఎవరి గొంతైనా ఇట్టే పట్టేసేవాడు కాబట్టి అందరూ మిమిక్రీ అని పిలిచేవారు. బృందం మూతపడ్డాక ఎవరినో పట్టుకుని సమాచార శాఖలో కాంట్రాక్టు ఉద్యోగం సంపాదించాడు. మూడో అంతస్తులో వరండా చివరి గది. పాత ఫైళ్ళ బీరువాలు గోడవారకి నెట్టి కుర్చీలు వేశారు. తలుపు మీద 'ప్రజాభిప్రాయ విభాగం' అని బోర్డు. ప్రజాభిప్రాయం తెలుసుకునే విభాగమేమో అనుకుని చేరాడు. తయారుచేసే విభాగమని చేరిన రోజే తెలిసింది.

ఒక్కొక్కరి ముందు నాలుగైదు ఫోన్లు ఉండేవి. కలిసిపోకుండా వాటి వెనక స్టిక్కర్లు: మాస్టారు, ఆటో, రైతు, కుర్రాడు. పక్క కుర్చీలో కూర్చునే కళ్ళజోడక్కకి మనవలున్నారు. ఆవిడ వంతుకి బైకుల పిచ్చి ఉన్న కాలేజీ కుర్రాడి వేషం వచ్చింది. మాత్ర వేసుకుని మంచినీళ్ళు తాగి, "ఇదిగో మిమిక్రీ, ఈ కాలం కుర్రాళ్ళకి ఒళ్ళు మండితే ఏమని తిడతారయ్యా? మా రోజుల తిట్లు పెడితే దొరికిపోయేలా ఉన్నాను" అని అడిగేది. గదంతా నవ్వేది.

జనం నమ్మే గొంతు ఒకటి కావాలని సెక్షన్ సారు అడిగినప్పుడు అతనికి ఆలోచించే పని కూడా పడలేదు. వదిన నోరు ఎత్తుకొచ్చాడు. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. అన్నయ్య లారీ ఎక్కితే వారాల తరబడి ఇల్లు చూడడు. వదిన ఇంట్లో మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. కొలతలకి వచ్చిన ఆడవాళ్ళు గోడు వెళ్ళబోసుకుంటే పెదాల మధ్య పట్టుకున్న గుండుసూదులు తీసి, "ఒక్క మాట చెప్తా విను, ఆపైన నీ ఇష్టం" అని మొదలుపెడుతుంది. ఆ తర్వాత చెప్పేది ఎవరూ కాదనలేరు. నర్సమ్మ కూడా ప్రతిదీ అలాగే మొదలుపెట్టేది.

తమాషా ఏమిటంటే, నర్సమ్మకి అందరికంటే పెద్ద అభిమాని వదినే. "ఈవిడెవరో గానీ నా మనసులో మాట నా కంటే ముందే అనేస్తుందయ్యా" అని మురిసిపోయేది. అతను తల వంచుకుని నవ్వుకునేవాడు. మొదట్లో అది గర్వంతో వచ్చిన నవ్వే.

ఆ ఏడాది వాళ్ళ కాలనీకి కొత్త పైపులు వేశారు. మంత్రిగారు వచ్చి కుళాయి తిప్పి ఫొటో దిగారు. కొన్నాళ్ళకి నీళ్ళు వాసన కొట్టడం మొదలైంది. రెండు వీధుల అవతల ఒక అమ్మాయి ఉంది. కాలేజీ ల్యాబులో నీటి పరీక్షలు చేస్తుంది. తన ఇంటి కుళాయి నీళ్ళు తనే పరీక్ష చేసి, మురుగు కలుస్తోందని, కాచి చల్లార్చకుండా తాగవద్దని ఫోనులో వీడియో పెట్టింది. పొద్దెక్కేసరికి అది కాలనీ దాటింది.

సెక్షన్ సారు గదిలోకి వచ్చి నిలబడే చెప్పాడు. "వాసన క్లోరిన్‌ది. ఆ అమ్మాయి వెనక నీళ్ళ బాటిళ్ళ కంపెనీ ఉంది. ఇదీ ఇవాళ్టి లైను."

"నిజంగా ఉందా సార్?" అన్నాడు అతను.

"ఉంటే బాగుంటుందిగా" అన్నాడు సారు, నవ్వకుండా. "మిగతావాళ్ళు తిట్టండి. నర్సమ్మ మాత్రం తిట్టకూడదు. ఆవిడ జాలిపడాలి."

అతను జాలిపడ్డాడు. "ఒక్క మాట చెప్తా విను తల్లీ, ఆపైన నీ ఇష్టం. నీ చదువంటే నాకు గౌరవం. కానీ కడుపుతో ఉన్న పిల్లల్ని ఇలా బెదరగొట్టవచ్చా? ఆ వాసన మందుది. నా వార్డులో ఎందరో తల్లులు ఆ నీళ్ళే తాగి పండంటి బిడ్డల్ని కన్నారు. ఎవరో బాటిళ్ళు అమ్ముకోవడానికి నువ్వు బొమ్మవి కాకు, బాటిళ్ళమ్మాయీ." చివరి మాట రాశాక కుర్చీలో వెనక్కి వాలాడు. బాగా పడిందనిపించింది. కళ్ళజోడక్క కుర్రాడు వెంటనే దాన్ని అందుకున్నాడు. ఆటో అందుకుంది, రైతు అందుకున్నాడు. రెండు రోజుల్లో వీధిలో పిల్లలు ఆ అమ్మాయి స్కూటరు వెనక "బాటిళ్ళమ్మాయ్" అని అరుస్తూ పరిగెత్తారు.

ఆఫీసులో గది మూల తాగడానికి నీళ్ళ క్యాన్లు ఉండేవి. కుళాయి నీళ్ళు అక్కడ ఎవరూ ముట్టరు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి కింది వాటా అమ్మాయి కొలతలకి వచ్చి ఉంది. మొదటి కాన్పు, ఆరో నెల. వదిన టేపు చుట్టూ తిప్పుతూ, "గ్యాసు దండగ చేసుకోకు. నర్సమ్మ చెప్పింది చూశావుగా? నేను కూడా కాచడం మానేశాను" అంటోంది.

ఆ పిల్ల కిందికి వెళ్ళాక అతను అన్నాడు, "వదినా, మనం ఎందుకైనా మంచిది, కాచుకుందాం."

"ఎందుకూ? ఆవిడకి తెలియదంటావా? పురిటి వార్డులో జుట్టు నెరిసిన మనిషి!"

నిజం నోటి దాకా వచ్చింది. మింగేశాడు. మర్నాటి నుంచి ఆఫీసులోనే కడుపు నిండా నీళ్ళు తాగి రావడం అలవాటు చేసుకున్నాడు. ఆ పని చేస్తున్నప్పుడు క్యాను ముందు ఎవరూ లేకుండా చూసుకునేవాడు.

ఆదివారం కాలనీ హాల్లో మీటింగు పెట్టారు. ల్యాబ్ అమ్మాయి కాగితాలు పట్టుకుని చెప్పబోయింది. వదిన లేచింది. ఎప్పుడూ నలుగురిలో మాట్లాడని మనిషి. "నువ్వు నిన్న కాక మొన్న చదువుకున్నదానివి. పసిప్రాణాలు చేతుల్లో పట్టుకున్న మనిషి ఒకావిడ చెప్తోంది. ఎవరి మాట వినమంటావు?" అంది. చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి కాగితాలు సంచిలో పెట్టుకుని బయటికి నడిచింది. అతను గుమ్మం దగ్గరే ఉన్నాడు. దారి ఇవ్వడానికి పక్కకి జరిగాడు. "థాంక్సండీ" అంది ఆ అమ్మాయి. ఆ నెలాఖరుకి కాలేజీవాళ్ళు ఆమెని పనిలోంచి తీసేశారు.

తర్వాత కామెర్లు వచ్చాయి. ముందు ఒక వీధిలో, తర్వాత నాలుగు వీధుల్లో. పెద్దవాళ్ళు పడి లేచారు. కింది వాటా అమ్మాయి లేవలేదు. కళ్ళు పచ్చబడి, స్పృహ తప్పి ఆసుపత్రికి వెళ్ళింది. కొన్ని వారాల తర్వాత మనిషి తిరిగొచ్చింది. బిడ్డ రాలేదు.

వదిన మిషను ముందు కూర్చునేది గానీ తొక్కేది కాదు. ఆ పిల్ల కోసం సగం కుట్టిన వదులు జాకెట్టు ఎక్కడ దాచాలో తెలియక గది గదికీ మార్చేది.

ఒక మధ్యాహ్నం ఆఫీసులో నర్సమ్మ ఫోనుకి మెసేజ్ వచ్చింది. వదిన పేరు. "అమ్మా, మీ మాట నమ్మి నేను ఒక పిల్లకి కాచవద్దని చెప్పాను. ఇప్పుడు దానికి నా ముఖం ఎలా చూపించాలి? మీరే ఏదో ఒకటి చెప్పండి."

కళ్ళజోడక్క తొంగిచూసింది. "ఇలాంటివి ఇవాళ నాకూ వచ్చాయి. 'బయటి తిండి వల్ల' అని ఒకటి రాసిపెట్టాను. అదే అందరికీ పంపించెయ్" అంది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. అతని ముఖం చూసి, "ఏమయ్యా, ఒంట్లో బాలేదా?" అని అడిగింది కూడా.

అతను ఫోను డ్రాయర్లో పెట్టి మూశాడు. జవాబు రాయలేదు. రాయకపోవడం మంచితనమని ఆ కాసేపు తనకి తాను చెప్పుకున్నాడు.

చివరికి మున్సిపాలిటీ మనుషులొచ్చి రోడ్డు తవ్వారు. మురుగు గొట్టం పగిలి మంచినీళ్ళ పైపు మీద కారుతున్న చోటు దొరికింది. చప్పుడు లేకుండా పూడ్చేశారు. "సత్వర మరమ్మతుకి ధన్యవాదాలు" అన్నది ఆ రోజు లైను.

మర్నాడు వదిన చెప్పులు వేసుకుని నిలబడింది. "ల్యాబ్ అమ్మాయి ఇంటికి వెళ్ళాలి. నిండు సభలో ఆ పిల్లని కాదన్నాను. ఒక్కదాన్నే వెళ్ళాలంటే కాళ్ళు రావడం లేదు. నువ్వు తోడు రా" అంది.

తప్పించుకోవడానికి సాకు ఒక్కటి కూడా దొరకలేదు.

ఆ అమ్మాయి తల్లి తలుపు తీసింది. ముందు గదిలో నేల మీద గాజు సీసాలు వరసగా పెట్టి ఉన్నాయి. ఎవరెవరో తెచ్చిన నీళ్ళు. ఆ అమ్మాయి చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఇద్దరికీ కుర్చీలు లాగింది.

వదిన కూర్చోలేదు. "తల్లీ, హాల్లో నిన్ను నానా మాటలూ అన్నది నేనే. నా వల్ల ఒక బిడ్డ పోయింది. నీకు ఉద్యోగం పోయింది. నన్ను తిట్టు. తిడితే కొంచెం తేలికపడతాను" అంది. చేతులు పైకెత్తి దణ్ణం పెట్టబోయింది.

"అయ్యో ఆంటీ, అలా చేయకండి." ఆ అమ్మాయి చేతులు పట్టేసుకుంది. "మీరొక్కరే నమ్మారా? ఆ నర్సమ్మ రాసింది చదివాక నాకే అనుమానం వచ్చింది. మిగతావాళ్ళు తిడితే లెక్కచేయలేదు. ఆవిడ తిట్టలేదు చూడండి, అందుకని నేనే తప్పేమో అనుకున్నాను. మళ్ళీ మొదటి నుంచి పరీక్ష చేశాను. ఆ వారం మౌనంగా ఉండిపోయాను. ఆ వారం గనక అరిచి ఉంటే..."

అతను గోడకి ఆనుకుని ఉన్నాడు. తన బదులు వదిన చేతులెత్తింది. తన బదులు ఈ పిల్ల తప్పు నెత్తిన వేసుకుంటోంది. ఇంకొక్క నిమిషం ఊరుకుంటే ఇద్దరూ ఒకరినొకరు ఓదార్చుకుంటారు, తనకి టీ కూడా ఇస్తారు.

"ఆ నర్సమ్మ నేనే" అన్నాడు.

వదిన విసుక్కుంది. "వేళాకోళానికి ఇదా సమయం? వీడికి చిన్నప్పటి నుంచీ ఇదే తల్లీ, ఏమీ అనుకోకు."

"'దానికి నా ముఖం ఎలా చూపించాలి' అని రాశావు వదినా. మధ్యాహ్నం పూట. ఆ ఫోను నా డ్రాయర్లో ఉంది. మా ఆఫీసు పని అదే."

ఆ మాటలు వదిన ఇంకెవరికీ చెప్పలేదు. ఆవిడ ముఖంలోంచి ఒక్కొక్కటిగా ఏవో దిగిపోవడం అతను చూశాడు. చూడలేక సీసాల వైపు తిరిగాడు.

ల్యాబ్ అమ్మాయి అడిగింది, "బాటిళ్ళమ్మాయి అని పేరు పెట్టింది ఎవరు?"

"నేనే."

"మా అమ్మ కూరగాయలకి వెళ్తే కొట్టువాడు 'బాటిళ్ళమ్మాయి వాళ్ళమ్మా' అని పిలుస్తున్నాడు." గొంతు పెంచలేదు. "నాకు చెప్పి ఏం లాభం? నర్సమ్మ చేత చెప్పించండి. ఎవరికి అబద్ధం చెప్పిందో వాళ్ళకి."

తిరిగి వచ్చేటప్పుడు వదిన రెండడుగులు ముందు నడిచింది. వీధి మలుపు దగ్గర ఆగి, వెనక్కి చూడకుండానే అడిగింది. "నన్ను చూసి రాశావా?"

"నిన్ను చూసే రాశాను."

"అంటే ఇంతకాలం నా నోరు అద్దెకిచ్చావన్నమాట." మళ్ళీ నడక మొదలుపెడుతూ, "కింద కూడా నువ్వే చెప్పాలి. నేను చెప్పను" అంది.

మర్నాడు ఆఫీసుకి అందరికంటే ముందే వెళ్ళి డ్రాయరు తెరిచాడు. నర్సమ్మ లేదని, తాను మగవాడినని, ఎక్కడ కూర్చుని ఎవరు చెబితే రాశాడో, బాటిళ్ళ కంపెనీ మాట అబద్ధమని, అన్నీ రాసి పెట్టాడు. అరగంటలో పేజీ మాయమైంది. ఆలోగానే కళ్ళజోడక్క కుర్రాడు "మన నర్సమ్మ అకౌంటు హ్యాక్ చేశారు బ్రో" అని ఊరంతా చాటాడు. జనం ఆ కుర్రాడి పోస్టు కింద తండోపతండాలుగా నర్సమ్మని ఓదార్చారు. "అమ్మా, అది మీరు కాదని మాకు తెలుసు, ధైర్యంగా ఉండండి" అని రాశారు. అతను తన సొంత పేరుతో అదంతా మళ్ళీ రాస్తే చదివినవాళ్ళు కొద్దిమంది, నమ్మినవాళ్ళు ఇంకా కొద్దిమంది. సెక్షన్ సారు కేకలు వేయలేదు. గుర్తింపు కార్డు తీసుకుని, "మంచి చెయ్యి పాడుచేసుకున్నావు" అన్నాడు. ఆ మెచ్చుకోలు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

సాయంత్రం కింది వాటా తలుపు కొట్టాడు. ఆ అమ్మాయే తీసింది. కళ్ళలో పసుపు ఇంకా పూర్తిగా పోలేదు. లోపల ఆమె భర్త గిన్నెలు కడుగుతున్న చప్పుడు. గడప బయటే నిలబడి మొత్తం చెప్పాడు. ఎక్కడా వదిన పేరు రానివ్వలేదు. దారి పొడవునా పేర్చుకున్న మాటల్లో సగం మరిచిపోయాడు. క్షమించమని అడగాలనుకున్నాడు గానీ ఆమె ముఖం చూశాక అది కూడా ఏదో తీసుకోవడానికి వచ్చినట్టే అనిపించి ఊరుకున్నాడు.

ఆమె తిట్టలేదు, ఏడవలేదు. "అయితే ఆవిడ నర్సు కాదా?" అంది.

"కాదమ్మా."

"ఎవరూ కాదా?"

"ఎవరూ కాదు."

"నాకు నొప్పులొచ్చినప్పుడు ఆవిడ పక్కనుంటే బాగుండునని రోజూ అనుకునేదాన్ని" అంది. లోపలి నుంచి భర్త ఎవరని అడిగాడు. పైవాటా ఆయన అని చెప్పి తలుపు దగ్గరికి వేసింది.