అంబారీ నడక

ఇత్తడి బిళ్ళను బూడిదతో తోమి, గుడ్డముక్కతో తుడిచి, కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. మచ్చ లేదు. అయినా మళ్ళీ తోమడం మొదలుపెట్టాడు.

"అరిగిపోతుంది, ఇక వదిలెయ్ నాన్నా," అంది కూతురు జడ అల్లుకుంటూ. "అందులో నీ మొహం కనిపించాలా ఏంటి?"

కనిపించక్కర్లేదు. నిజం చెప్పాలంటే ఆ పూట తన మొహం తనకే చూడాలని లేదు. చేతులు ఊరికే ఉండలేకపోతున్నాయి, అంతే. రాత్రి మంచం మీద అటు దొర్లీ ఇటు దొర్లీ తెల్లారబెట్టాడు.

అతను చేసే పని చెప్పుకోవడానికి ఒక్క మాట చాలు. జడ్జిగారి ముందు నడుస్తాడు. తెల్లకోటు మీద భుజం నుంచి నడుము దాకా ఏటవాలుగా ఎర్రపట్టీ, దాని మధ్యలో ఈ ఇత్తడి బిళ్ళ. దాన్నే డవాలా అంటారు. అది వేసుకుని వేదిక వెనక తలుపు తీసి, "నిశ్శబ్దం!" అని ఒక్క కేక వేస్తే హాలంతా లేచి నిలబడుతుంది. వేదిక ఎక్కి కుర్చీ వెనక్కి లాగుతాడు, జడ్జి కూర్చోబోతుంటే ముందుకు జరుపుతాడు. అక్కడితో అతని పని అయిపోయినట్టే. మనిషి భారీగా ఉంటాడు, చెవులు పెద్దవి, పాదాలు ఇంకా పెద్దవి. ఏనుగు మీద అంబారీ లాగా తొణక్కుండా బెణక్కుండా నడుస్తాడని ఎప్పుడో వకీళ్ళు అంబారీ అని పేరు పెట్టారు. పెట్టినవాళ్ళలో సగంమంది కాలం చేశారు, పేరు మాత్రం గట్టిపిండం. అసలు పేరు చెప్పమంటే జీతాల గుమాస్తా కూడా నెత్తి గోక్కుంటాడు.

ఆ నడక నేర్పింది అతనికి ముందున్న ముసలి బంట్రోతు. "ఒరేయ్, జడ్జి ముందు నడిచేవాడు పరుగెత్తాడనుకో, ఏదో కొంప మునిగిందనుకుంటారు జనం. నక్కి నక్కి నడిచాడనుకో, ఈ జడ్జి ఎవడికో భయపడ్డాడనుకుంటారు. గుండెల్లో కుంపటి ఉన్నా సరే, కాలు మాత్రం తడబడకూడదు," అని వెనక నిలబడి, బెత్తంతో పిక్క మీద కొడుతూ నేర్పాడు. అప్పటినుంచీ ఆ హాల్లో అంబారీ కాలు తడబడలేదు.

గుండెల్లో కుంపటి ముందురోజు సాయంత్రం అంటుకుంది. బంట్రోతులందరి మీదా పెత్తనం చేసే నాజరు అతన్ని తన గదికి పిలిచి, ఎన్నడూ లేనిది కూర్చోమన్నాడు. కూర్చోమన్నప్పుడే అంబారీకి భయం వేసింది.

"రేపు మధ్యాహ్నం జడ్జమ్మ గని కేసులో తీర్పు చదువుతుంది కదా," అన్నాడు నాజరు, పంటి కింద లవంగం నలుపుతూ. "పైనుంచి ఆవిడకి బదిలీ కాగితం వస్తోంది. రాగానే నీకిస్తాను. చదవడం పూర్తికాకముందే నువ్వు ఆవిడ చేతిలో పెట్టాలి."

"మీరే ఇవ్వొచ్చు కదయ్యా?"

"కోర్టు నడుస్తుండగా పైకెక్కే హక్కు నీ డవాలాకి తప్ప ఇంకెవరికీ లేదు. పదిమంది ముందు నేనెక్కితే తెల్లారి పేపర్లో అదే వేస్తారు. అంతా పద్ధతి ప్రకారం జరగాలని పైవాళ్ళు గట్టిగా చెప్పారు."

మెడ కోసినా మర్యాదగా కోయాలన్నమాట. ఆ కాగితం చేతికందిన క్షణం నుంచీ ఆవిడ ఆ కోర్టుకి జడ్జి కాదు. సగం చదివిన తీర్పు చిత్తుకాగితంతో సమానం. ఆ గని ఒక మంత్రిగారిది. లోపల పైకప్పు కూలి మనుషులు పోతే, కూలీలు కొందరు గేటు ముందు కూర్చున్నారు. వాళ్ళని పట్టుకెళ్ళి విచారణ లేకుండానే జైల్లో పెట్టారు. వదలాలా వద్దా అన్నది ఆవిడ చెప్పాలి. ఆవిడ చెప్పకుండా చేయాలని చాలా ప్రయత్నాలే జరిగాయి. ముందు ఇంటి దగ్గర కాపలా తీసేశారు. తర్వాత కారు రిపేరుకని తీసుకెళ్ళారు, ఆ రిపేరు ఇంకా అవుతూనే ఉంది. "కొందరు జడ్జీలు తామే ప్రభుత్వమనుకుంటున్నారు పాపం," అని మంత్రిగారు రేడియోలో నవ్వాడు. ఆ నవ్వు విన్నాక తోటి జడ్జీలిద్దరు ఒకేసారి ఆరోగ్యం బాగాలేదని సెలవు పెట్టారు.

అంబారీ లేచి నిలబడ్డాక నాజరు అసలు మాట అన్నాడు. "మీ అమ్మాయి నకళ్ళ సెక్షన్లో టెంపరరీగా చేస్తోంది కదూ? పర్మనెంటు ఫైలు పైనే ఉందట. మంచి పిల్ల. ఎటూ కాకుండా పోకూడదు."

ఇదీ సంగతి. ఇంట్లో చెప్పలేదు. చెబితే కూతురు ఏమంటుందో అతనికి తెలియదు, ఏమన్నా తట్టుకోలేడు.

కోర్టుకి వచ్చాడన్న మాటే గాని, కాలు ఒకచోట నిలవలేదు. వేదిక మీద బల్ల తుడిచాడు, తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచాడు. గ్లాసులో నీళ్ళు పోసి, పారబోసి, మళ్ళీ పోశాడు. వరండా బెంచీ మీద జైల్లో ఉన్న ఒక కుర్రవాడి తల్లి కూర్చుని ఉంది. వాయిదా పడిన రోజు కూడా ఆమె రావడం మానలేదు. "ఇవాళ చదువుతారా నాయనా?" అని అడిగింది.

"చదువుతారమ్మా," అన్నాడు. ఆమె వైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయాడు.

జడ్జమ్మ అద్దె కారులో వచ్చింది. సన్నటి మనిషి, జుట్టు ముందువైపు తెల్లబడింది, చంకలో ఫైళ్ళు. బంట్రోతుల్ని మీరు అని పిలిచే జడ్జిని అతను ఆవిడనే చూశాడు. ఇదివరకటి జడ్జీలంతా అతని నడకతో విసిగి మడమలు తొక్కినవాళ్ళే. ఒకాయనైతే, "ముందుకు నడవవయ్యా, నా సర్వీసు నీ వెనకే అయిపోయేలా ఉంది," అన్నాడు కూడా. ఈవిడ మాత్రం మొదటిరోజే అతని అడుగులో అడుగు కలిపింది.

"ఒంట్లో బాగాలేదా? కళ్ళు ఎర్రగా ఉన్నాయి," అంది.

"నిద్ర పట్టలేదమ్మా."

"నాకూ పట్టలేదు లెండి," అని నవ్వేసి గదిలోకి వెళ్ళిపోయింది. నవ్వకుండా ఉంటే బాగుండేది అనుకున్నాడు అంబారీ.

మధ్యాహ్నం భోజనాల వేళ హాలు ఖాళీ అయింది. అప్పుడతను ఒక విచిత్రమైన పని చేశాడు. తలుపు దగ్గరగా వేసి, జనం వచ్చే గుమ్మం నుంచి వేదిక దాకా గబగబా నడిచాడు. వెనక్కి వచ్చి మళ్ళీ నడిచాడు. కాళ్ళు బ్రహ్మాండంగా కదిలాయి. ఇంత వేగం తనలో ఉందని అతనికే తెలియదు. మూడోసారి నడుస్తుంటే కూతురు టిఫిన్ డబ్బాతో తలుపు తోసుకుని వచ్చింది.

"ఏంటి నాన్నా, ఎవరైనా తరుముతున్నారా?"

"కాళ్ళు తిమ్మిరెక్కితేనూ," అన్నాడు.

బెంచీ మీద కూర్చుని ఇద్దరూ తిన్నారు. తిన్నది ఆమె, అతను కెలికాడు. "సెక్షన్లో అందరూ అంటున్నారు, నా ఫైలు కదిలిందట," అంది మెల్లగా, ఎవరైనా వింటే వెనక్కి పోతుందేమో అన్నట్టు. "ఇక ఏడాదికోసారి గడువు పెంచమని గుమ్మం గుమ్మం తిరిగే పీడ వదులుతుంది. ముందు నీ మోకాళ్ళు డాక్టరుకి చూపిస్తా."

ఆ మాటతో తేల్చేసుకున్నాడు. ఎవరి పిల్లలు వాళ్ళకి. కాగితం చేతికి రాగానే గబగబా వెళ్ళి ఇచ్చేస్తాడు. జడ్జమ్మ చదువుకున్న మనిషి, ఎక్కడున్నా బతుకుతుంది. గని కూలీల సంగతి దేవుడు చూసుకుంటాడు. తేల్చేసుకున్నాక స్థిమితపడాలి కదా, అదేం లేదు. మెతుకులు చేదెక్కాయి.

హాలు కిక్కిరిసింది. జడ్జమ్మ తీర్పు చదవడం మొదలుపెట్టింది. గొంతు పెద్దది కాదు, అందుకే జనం ఊపిరి బిగబట్టి విన్నారు. అంబారీ వేదిక పక్కన నిలబడి పేజీల చప్పుడే వింటున్నాడు. ఎడమ పక్క దొంతర తరుగుతోంది. ఈ కాగితమేదో రాకుండా ఉంటే ఎంత బాగుండు అని ఒకపక్క, వచ్చేస్తే ఈ నరకం తీరిపోతుంది కదా అని ఒకపక్క.

వచ్చింది. జనం వచ్చే గుమ్మంలో నాజరు కవరు పట్టుకుని నిలబడి, రమ్మని వేళ్ళు ఆడించాడు.

అంబారీ కదిలాడు. పరుగులాంటి నడక అనుకున్నాడు. తీరా రెండు వరసల బెంచీల మధ్యకి వచ్చేసరికి, జనం కళ్ళు డవాలా మీద పడేసరికి, కుడి పాదం నింపాదిగా లేచి నింపాదిగా ఆనింది. దాని వెనకే ఎడమది. నాజరు పళ్ళు కొరుకుతున్నాడు. కవరు చేతిలో పెట్టి, "త్వరగా!" అన్నాడు పెదవులతోనే.

త్వరగానే వెళ్ళాలి. ఇంతకుముందేగా ఇక్కడే నడిచాడు! 'కదలవే ముండా, కదులు,' అని కాలిని తిట్టుకున్నాడు. కూతురి మొహం తలుచుకున్నాడు. చెమట చెవుల వెనక నుంచి కాలర్లోకి కారుతోంది. కాలు మాత్రం ఎవరి మాటా వినలేదు. జనం ముందు, జడ్జి ఎదుట, అది నేర్చుకున్న నడక ఒక్కటే. లోపల మనిషి పరుగెడుతున్నాడు, పైన అంబారీ ఊరేగుతోంది.

సగం దూరంలో ఉండగా జడ్జమ్మ తలెత్తి చూసింది. కవరు చూసింది, అతన్ని చూసింది, గుమ్మంలో నాజరునీ చూసింది. అర్థమైపోయింది. అయినా గొంతు పెంచలేదు, వేగం పెంచలేదు, ఒక్క వాక్యమూ మింగలేదు. తల దించుకుని చదువుతూనే ఉంది.

అతను మొదటి మెట్టు మీద పాదం పెట్టేసరికి, "వీరందరినీ వెంటనే విడుదల చేయవలసిందిగా ఆదేశిస్తున్నాను," అని చదివి, కింద సంతకం చేసింది. వెనక బెంచీల్లో ఎవరో ఆడమనిషి బావురుమంది. అప్పుడు జడ్జమ్మ కలం మూత పెట్టి, చెయ్యి చాపింది. అంబారీ కవరు ఇచ్చాడు. ఆవిడ చదువుకుని, మడిచి, "నాకు బదిలీ అయింది. ఈ కోర్టులో నా పని పూర్తయింది," అని లేచింది. అతను కుర్చీ వెనక్కి లాగాడు.

వెనక వరండాలో నాజరు కాచుకుని ఉన్నాడు. "డవాలా తియ్యి," అన్నాడు.

తీసి ఇచ్చాడు.

"కావాలనే చేశావు కదూ?"

"లేదయ్యా, ఒట్టు. త్వరగా ఇద్దామనే అనుకున్నా. కాలు కదల్లేదు."

"ఇది పైవాళ్ళకి చెబితే నమ్ముతారా?"

"నేనే నమ్మలేకపోతున్నానయ్యా."

నాజరు కాసేపు అతన్ని ఎగాదిగా చూశాడు. మొహంలో కోపం కన్నా భయమే ఎక్కువుంది. అతనికీ పైనవాళ్ళున్నారు. "మీ అమ్మాయికి చెప్పు, రేపట్నుంచి రానక్కర్లేదని," అని డవాలా చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

చెప్పక్కర్లేకపోయింది. వెనక గేటు దగ్గర కూతురు సంచీతో నిలబడి ఉంది. సెక్షన్ వాళ్ళు సొరుగు ఖాళీ చేయించి పంపేశారు. అతను నోరు తెరిచేలోగా బెంచీ మీది తల్లి ఎక్కణ్ణుంచో వచ్చి అతని రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. "నీ బిడ్డలు చల్లగా ఉండాలి నాయనా. నువ్వు నెమ్మదిగా నడవబట్టి నా కొడుకు ఇంటికొస్తున్నాడు," అని ఏడ్చింది. అతనికి భూమిలోకి కుంగిపోవాలనిపించింది. అతని బిడ్డ పక్కనే నిలబడి వింటోంది.

ఆమె వెళ్ళాక కూతురు అడిగింది. "తెలిసే చేశావా నాన్నా?"

అవునంటే వీరుడవుతాడు. ఊరంతా అప్పుడే అలా అనుకుంటోంది. ఈ పిల్ల కూడా అనుకుంటే ఏం పోయింది? నోటిదాకా వచ్చింది.

"లేదమ్మా. నీకోసం పరుగెత్తాలనే అనుకున్నా. పొద్దుటినుంచీ అదే అనుకుంటున్నా."

"అయితే మధ్యాహ్నం ఖాళీ హాల్లో..." అని ఆగి, ఆమె నవ్వబోయింది. ఆ నవ్వు మధ్యలో ఏడుపైపోయింది. "తెలిసి చేసుంటే నీమీద కోపమైనా తెచ్చుకునేదాన్ని కదా! ఇప్పుడెవరి మీద తెచ్చుకోను?"

ఆమె కొంగుతో మొహం తుడుచుకునేదాకా అతను సంచీ పట్టుకుని నిలబడ్డాడు.

ఇంతలో జడ్జమ్మ బయటికి వచ్చింది. అద్దె కారు ఇంజను ఆడుతూనే ఉంది, దాని వెనకే పోలీసు జీపు. రైలు ఎక్కేదాకా వెంట ఉండమన్నారట, మర్యాద కోసం. ఆవిడ అతని ముందు ఆగింది. "మీరు చేసింది నేను మర్చిపోను," అంది.

"అమ్మా, అది నేను..." అని అంబారీ మొదలుపెట్టాడు. కూతురు అతని మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "వెళ్ళిరండమ్మా," అంది ఆమే.

జడ్జమ్మ కారెక్కుతుంటే అప్పుడు చూశాడు. కాళ్ళకి చెప్పుల్లేవు. చాలాసేపు చదవాల్సి వస్తే బల్ల కింద చెప్పులు విడిచేసుకునే అలవాటు ఆవిడకి. లేవడంలో మరిచిపోయింది, ఇంత దూరం ఒట్టికాళ్ళతోనే నడిచొచ్చింది.

"అమ్మా, చెప్పులు! ఒక్క నిమిషం," అని వెనక్కి తిరిగాడు. వరండాలో జనాన్ని తప్పించుకుంటూ, మోకాళ్ళు మండుతున్నా లెక్కచేయకుండా వెళ్ళాడు. వేదిక వెనక తలుపుకి అప్పటికే కొత్త తాళం పడింది. కాపలావాడు తల అడ్డంగా ఊపాడు. కొత్త జడ్జి వచ్చేదాకా తీయొద్దన్నారట. గేటు వైపు నుంచి కారు కదిలిన చప్పుడు, వెంటనే జీపు చప్పుడు వినిపించాయి.

అంబారీ తలుపు అద్దానికి నుదురు ఆనించి లోపలికి చూశాడు. వేదిక మీద బల్ల కింద, చీకట్లో, పట్టీ తెగితే నల్లదారంతో ఇంట్లోనే కుట్టుకున్న జత చెప్పులు, మడమల దగ్గర అరిగి, పక్కపక్కనే ఉన్నాయి.