మన దారిలో డబ్బాలు

మా బావకి ఒక పాడలవాటు ఉండేది. రోడ్డు పక్క స్తంభానికి తన ఫ్యాక్టరీలో ప్లాస్టిక్ కరిగించి పోసిన కరెంటు డబ్బా కనిపిస్తే చాలు, వెళ్లి మూత మీద రెండు దెబ్బలు తట్టి "మన సరుకే" అనేవాడు. వినేవాళ్లు లేకపోతే స్తంభానికే చెప్పేవాడు. పెళ్లైన కొత్తలో మా అక్క సిగ్గుతో చచ్చిపోయేది. తర్వాత పాప పుట్టి, తండ్రి వేలు పట్టుకుని నడుస్తూ తనూ తట్టడం నేర్చుకుంది. బడిలో తన పక్కన కూర్చునే పిల్లకీ నేర్పింది. ఇద్దరూ ఎవరి దారిలో వాళ్లు డబ్బాలు తట్టుకుంటూ బడికి వచ్చేవాళ్లు.

నేను వాళ్లింట్లోనే ఉంటూ ఆ ఫ్యాక్టరీలోనే సరుకు పరీక్ష చూస్తాను. తిట్టే మరదలిని జీతమిచ్చి మరీ పెట్టుకున్నానని బావ అందరికీ చెప్పుకునేవాడు.

ఆరుబయట ఉండే డబ్బాకి ప్లాస్టిక్ ఎంచడమంటే ముందు ఎండని చూసుకోవాలి. వాన పైనుంచి జారిపోతుంది, ఎండ మాత్రం వదలకుండా తినేస్తుంది. నేను చేరకముందే బావ మేడ మీద ముక్కలు ఎండబెట్టి, ఏబీఎస్ అనే చవక రకాన్ని ఖాయం చేశాడు. వేసవంతా ఎండినా ముక్క విరగలేదు. దాన్ని చూపించే కరెంటాఫీసులో ఆర్డరు తెచ్చుకున్నాడు. ఊరంతా డబ్బాలు బిగించారు.

ఈ వేసవిలో మా గేటు పక్క స్తంభం మీది డబ్బా పసుపురంగుకి తిరిగింది. వేలితో రాస్తే సుద్దపొడి అంటింది. మూత అంచు నొక్కితే ఎండుపుల్లలా విరిగి చేతిలోకి వచ్చింది. మేడెక్కి, అక్కడ ఇంకా వేలాడుతున్న బావ ముక్కని చూశాను. అది నల్లది.

అప్పట్లో మిషన్లో నల్ల సరుకు మిగిలి ఉంటే దాంతోనే ముక్కలు పోశాడట. ఆ నల్లదనం మసిది. మసి ఎండని పైపైనే ఆపేస్తుంది. వీధుల్లో బిగించినవేమో బూడిదరంగువి, వాటికి ఆ కాపలా లేదు.

"రంగుదేముందే? సరుకు ఒకటేగా," అన్నాడు బావ.

"గొడుగున్నవాణ్ణీ లేనివాణ్ణీ ఎండలో నిలబెట్టి ఇద్దరూ ఒకటే అంటావేంటి బావా?"

"సరే తల్లీ, ఇకమీదట నువ్వు చెప్పే ఆ ఏఎస్ఏ రకమే పోద్దాం. ఎండకి ఆగుతుంది, ఒప్పుకున్నా. ఇంక వదిలెయ్."

"మరి బిగించినవో? వానలొస్తే పగుళ్లలోంచి నీళ్లు దిగుతాయి. లోపల కరెంటుంది."

"ఊరంతా విప్పితే కొంప మునుగుతుంది. వాటి జోలికి వెళ్లకు."

నాకు ఒళ్లు మండింది. పాప అప్పుడే బడి నుంచి వచ్చి మెట్ల మీద బూట్లు విప్పుకుంటోంది. "అంత నమ్మకమైతే గేటు పక్కదాన్ని పాపచేత తట్టించు," అన్నాను.

పాప హుషారుగా లేచి పరుగెత్తింది. బావ ఒక్క అంగలో వెళ్లి దాని రెక్క పట్టుకుని వెనక్కి లాగాడు. అది బిక్కమొహం వేసింది. నేను గెలిచాననుకున్నాను.

మర్నాడే కొత్త ప్లాస్టిక్‌తో డబ్బాలు పోయడం మొదలైంది. లైన్‌మన్‌ని బతిమాలుకుని బావ దగ్గరుండి మార్పించాడు. మా గేటు నుంచి బడి గేటు దాకా మార్పించి ఆగిపోయాడు. మిగతావి ఎప్పుడని అడిగితే "చూద్దాంలే" అన్నాడు.

"మా కాపురం వీధిన పడుతుందే, నోరు మూసుకో," అని అక్క నా చేతులు పట్టుకుంది. నేను మూసుకోలేదు. కరెంటాఫీసుకి వెళ్లి విరిగిన మూత అంచు బల్ల మీద పెట్టాను. ఇంజనీరు సొరుగులోంచి బావ ఇచ్చిన నల్లముక్క తీసి, రెండు చేతులా వంచి చూపించాడు.

"ఎంత గట్టిగా ఉందో చూడమ్మా. ఇంటి గొడవలు ఇంట్లో చూసుకోండి."

ఆ సాయంత్రం బావ పాపని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. "మన దారిలోవి తట్టు బంగారం. వేరే వీధుల్లోవి మాత్రం ముట్టుకోకు."

"ఎందుకు నాన్నా?"

"అవి మనవి కావు."

నా ఎదురుగానే అన్నాడు. ఆ క్షణాన ఆ మనిషిని చూస్తే నాకు అసహ్యం వేసింది.

మొదటి వాన ముసురుపట్టి కురిసింది. తెరిపివ్వగానే పిల్లలు బడికి బయల్దేరారు. బడి వెనక వీధిలో, పాప పక్కన కూర్చునే ఆ పిల్ల తడిచేత్తో డబ్బాని తట్టింది. మూత పెంకులా చిట్లి చెయ్యి లోపలికి పోయింది. ఎవరో కర్రతో కొట్టి విడిపించేసరికే ప్రాణం పోయింది.

బడి మూసేశారు. పాపని నేనే ఇంటికి తీసుకొచ్చాను. దారిలో అది ఒక్క డబ్బానీ తట్టలేదు. బావ హాల్లో గోడకి ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. పాప వెళ్లి ఎదురుగా నిలబడింది.

"అవి మనవి కావన్నావుగా నాన్నా. అందుకని, దాని వీధిలోవి దానివే అనుకున్నా. నీవి నువ్వు తట్టుకోవే అని నేనే చెప్పా."

అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. పాప జవాబు కోసం అలాగే నిలబడి ఉంది.

"అవి కూడా మనవేనమ్మా," అని నేనే చెప్పాను.