బంతిదండల వెనక రేడియేటర్

నా తమ్ముణ్ణి నడిరోడ్డు మీద కొట్టాడు నా మొగుడు. అదీ దసరా పండగనాడు, వాడి పెళ్లిచూపులకు వెళ్తుండగా. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ పొద్దున బాగ్‌బేరాలో ఇంటి ముందు మా అంబాసిడర్ టాక్సీకి పూజ చేశాం. ఇంజిను చల్లగా ఉండగానే రేడియేటర్ మూత తీసి నీళ్లు చూడనిదే మా ఆయన తవిటయ్య టీ కూడా తాగడు. ఆయన చూసి మూత బిగించాక, తమ్ముడు చిన్నారావు బండి ముందుభాగమంతా మూసుకుపోయేలా బంతిదండలు కట్టి, సందుల్లో మామిడి మండలు కుక్కాడు.

"గాలాడకపోతే ఇంజిను ఉడికిపోద్దిరా. తీసెయ్," అన్నాడు మా ఆయన.

"పూజ సేసిన దండ ఇయ్యాలే తీసెత్తారేటి బావా?"

నేనూ తమ్ముణ్ణే వెనకేసుకొచ్చాను. పండగపూట ఈ మనిషి నస ఏమిటి?

సోనారిలో పిల్ల తరపువాళ్లు ఎదురుచూస్తున్నారు. దారిలో బిష్టుపూర్‌లో దుర్గాపూజ జనం మధ్య బండి నత్తలా పాకింది. ఇంకేముంది, ముందునుంచి ఆవిరి పొగలు! మా ఆయన బండి పక్కకు ఆపి, బానెట్ ఎత్తి, దండలన్నీ తెంపి పారేశాడు. "సల్లారేదాకా ఎవులూ ముట్టుకోకండి," అని బకెట్ పట్టుకుని నీళ్లకు వెళ్లాడు.

తమ్ముడు ఊరుకుంటేగా! "నీల్లు నేక ఉడికింది. మూత తీసి ఉంచితే బావ రాగానే పోసేత్తాడు," అంటూ చేతికి జేబురుమాలు చుట్టుకుని రేడియేటర్ మీదకు వంగాడు.

అప్పుడే తిరిగొస్తున్న మా ఆయన బకెట్ అక్కడే పడేసి పరుగున వచ్చి, వాణ్ణి వెనక్కి లాగి చెంప ఛెళ్లుమనిపించాడు. "క్యా హువా భాయ్?" అంటూ జనం మూగారు. తమ్ముడి చెంప మీద అయిదు వేళ్లూ తేలాయి.

"నోటితో సెప్పలేవా? ఈ మొగంతో పిల్లని సూడ్డానికి ఎలగెల్తాడు?" అని అరిచాను. ముగ్గురం మూడు దిక్కులు చూస్తూ నిలబడ్డాం.

చాలాసేపటికి ఆయన మూత మీద తడి గోనెగుడ్డ మడిచి వేసి, మొహం పక్కకు తిప్పుకుని, మూతను కొద్దిగా కదిపాడు. ఈపాటికి చల్లారే ఉంటుందనుకున్నాను. గుడ్డ కిందనుంచి బుస్సుమని ఆవిరి తన్నుకొచ్చి బానెట్‌కు కొట్టుకుంది. మరిగిన నీళ్లు ఇంజినంతా చిందాయి.

ఇందాక తమ్ముడి మొహం సరిగ్గా ఆ మూత మీదే ఉంది. నా కోపం వాడి మీదకు మళ్లింది. తిన్నగా వెళ్లి వాడి రెండో చెంప వాయించాను.

"ఏటప్పా, నువ్వు కూడానా?"

"నోర్ముయ్! ఎర్రమొగమని ఆల్లు నవ్వితే నవ్వనీ. సూపించుకోడానికి మొగమంటూ మిగిలింది!"