వినకుండా కొనని మనిషి

జోగయ్య వినకుండా రికార్డు కొనడు. ఢిల్లీలో పాత రికార్డులమ్మే ప్రతివాడికీ ఈ సంగతి తెలుసు. ఎర్రకోట వెనకాల ఆదివారం సంతలో, పాత సామాన్ల గుట్టల ముందు గొంతుక్కూర్చుంటాడు. ఒక్కో రికార్డూ తీసి, ఎండకి ఎత్తి గీతలు చూసి, నచ్చితే "సునావో భాయ్" అని వినిపించమంటాడు. దుకాణంవాడి ముల్లు మీద నమ్మకం లేదు మహానుభావుడికి. చొక్కా జేబులో సొంత ముళ్ల డబ్బీ ఉంటుంది. అందులోంచి కొత్త ఇనప ముల్లు తీసి వాడి గ్రామఫోనుకి తనే బిగిస్తాడు. ఎయిర్‌ఫోర్సులో ఏళ్ల తరబడి స్టోర్సు చూసి, వారెంట్ ఆఫీసరుగా రిటైరైన మనిషి మరి. సరుకు చూడకుండా సంతకం పెడతాడా?

ఢిల్లీ పక్కనే వైశాలిలో ఆయన ఫ్లాటుకి రెండే గదులు. అందులో ఒకటి రికార్డులదే. గొప్పగా చూసుకునే నాదస్వరం రికార్డులు మూడు. మూడో రికార్డు దొరకని హరికథ సెట్టు ఒకటి, దొరక్కపోయినా దానికో ఖాళీ కాయితం సంచి అట్టిపెట్టాడు. అంచు పగిలి చుట్టు చుట్టుకీ టక్కుమనే పద్యాల రికార్డు ఒకటి. ఆ టక్కు ఏమిటని ఎవరైనా అడిగితే "తాళం వేసేవాడు లోపలే కూర్చున్నాడండీ" అంటాడు. పక్క ఫ్లాటు కిరీటి సీడీలు కొనుక్కొచ్చుకుని "ఇంకా ఈ కబాడీ చెత్త ఏంటి అంకుల్?" అని ఏడిపిస్తుంటాడు. జోగయ్య నవ్వేసి ఊరుకుంటాడు.

ఎందుకంటే ఆయన అసలు వెతికేది వేరే ఉంది. అది కిరీటికి చెప్పే విషయం కాదు.

అరవై నాలుగులో, ఆయన ఢిల్లీ కంటోన్మెంటులో ఉండగా, ఊళ్లో పెద్ద ఎగ్జిబిషన్ పెట్టారు. జోగయ్య, భార్య సత్యవతి, ఐదేళ్ల కూతురు కస్తూరి వెళ్లారు. పొద్దుట్నుంచీ తిరిగి తిరిగి పిల్లకి కాళ్లు నొప్పులు. ఎత్తుకోమని ఒకటే పేచీ. ఒక స్టాల్లో మైకు ముందు పాడితే అక్కడికక్కడే రికార్డు చెక్కి ఇస్తున్నారు. పిల్లని స్టూలు మీద నిలబెట్టారు. అమ్మ నేర్పిన ఉయ్యాల పాట పాడేసింది. పాట అయ్యాక అద్దం ఇవతలున్న తల్లికేసి చూసి ఏదో అడిగింది కూడా. జనం గోల, మధ్యన అద్దం. పెదాలు కదలడం కనబడింది గానీ మాట వినబడలేదు. సత్యవతి నవ్వి చెయ్యి ఊపింది. తర్వాత "ఏమడిగావే?" అంటే కస్తూరి మూతి ముడుచుకుని "చెప్పను పో, ప్లేటులో విను" అంది. బస్సు దాకా చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చారు.

స్టాలువాడు మరీ మరీ చెప్పాడు. ఇది మామూలు లక్క రికార్డు కాదు బాబూ, రేకు మీద మెత్తటి పూత. గ్రామఫోను మీద వేశారా, ఆ బరువుకి ఇనప ముల్లు పూతని గీకేస్తుంది, ఒక్కసారితో సరి. తేలిక ముల్లుండే కరెంటు ప్లేయరు కొనుక్కుని వేసుకోండి అని. అలాగే, వచ్చే ఏడు కొందాం అనుకున్నారు.

వచ్చే ఏడు అస్సాంలో జోర్హాట్‌కి పోస్టింగొచ్చింది. సామాను తగ్గించుకోవాలి. సర్వీసువాళ్లందరూ చేసే పనే, కావలసినవి పెట్టెలోకి, అక్కర్లేనివి కబాడీవాడికి. రికార్డులు మాత్రం జోగయ్యే ఏరాడు. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదు. నాదస్వరాలు మూడూ గీత పడకుండా జోర్హాట్ చేరాయి. కస్తూరి పాట కబాడీ బస్తాలో పోయింది. సంచి చిరిగిందని దాన్ని పనికిరాని రికార్డు సంచిలో దూర్చింది ఆయనే, దూర్చిన సంగతి మర్చిపోయిందీ ఆయనే. మూణ్ణెల్ల తర్వాత, జ్వరమొచ్చి పిల్ల పోయాక, కనీసం గొంతైనా విందామని పెట్టె తెరిస్తే గానీ తెలియలేదు.

సత్యవతి ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఆయన ప్రాణం కాస్త కుదుటపడేదేమో! రిటైరయ్యాక సొంతూరు వెళ్లకుండా ఢిల్లీకే తిరిగొచ్చి ఉండిపోయారు. ఢిల్లీలో అమ్మిన సామాను ఢిల్లీలోనే తిరుగుతుందని జోగయ్య నమ్మకం. మంచి కరెంటు ప్లేయరు కొని పెట్టుకున్నారు. దానికి సత్యవతి పూల గుడ్డ కుట్టి కప్పింది. ప్రతి ఆదివారం పులిహోర డబ్బా సంచిలో పెట్టి గుమ్మం దగ్గర చేతికిస్తుంది.

"ఇవాళైనా దొరుకుతుందేమో చూడండి. అదేమడిగిందో తెలిస్తే చాలు నాకు."

ఇలా పద్నాలుగేళ్లు.

తొంభై ఆరు ఫిబ్రవరిలో ఒక ఆదివారం, సంతలో బషీర్ మియా దుకాణం గుట్టలో సంచి లేని రికార్డొకటి చేతికి తగిలింది. లేబులు తెల్లగా ఉంది. నీళ్లు తగిలి సిరా అంతా అలుక్కుపోయింది. ఇలాంటి బోసి లేబుళ్లు వందల్లో చూశాడు జోగయ్య, చూసి చూసి మోసపోయి ఆశ పడడం మానేశాడు. చేతికి కాస్త తేడాగానే అనిపించింది. మధ్య చిల్లు చుట్టూ రేకు మెరుస్తోంది కూడా. అయ్యో రాత, కళ్లద్దాలు తుడుచుకుని ఒక్కసారి చూసి ఉంటే! కానీ చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. జేబులోంచి డబ్బీ, డబ్బీలోంచి కొత్త ముల్లు.

"సునావో మియా."

మియా గ్రామఫోనుకి కీ ఇచ్చాడు. జోగయ్య ముల్లు దించాడు. కాసేపు బరబర. తర్వాత కస్తూరి పాడింది.

ముప్పయి రెండేళ్లు. అదే ముక్కు గొంతు, 'ళ'కి 'ల' పలకడం అదే. జోగయ్య కళ్లు తుడుచుకుని కిందికి చూశాడు. ముల్లు వెనకాల సన్నటి నల్లదారం లేస్తోంది, చాకుతో మామిడికాయ తొక్క తీస్తే వచ్చినట్టు. చుట్టలు చుట్టలుగా ముల్లుకి పేరుకుంటోంది.

అప్పుడు గుర్తొచ్చింది స్టాలువాడి మాట.

చెయ్యి చప్పున ముల్లు మీదికి పోయింది. ఇంకా సగం పాట ఉంది. చివర పిల్ల అడిగిన మాటా ఉంది. ఇప్పుడెత్తేస్తే అది సత్యవతికి మిగులుతుంది. పూల గుడ్డ తీసి, తేలిక ముల్లు పెట్టి, ఆవిడ పక్కన కూర్చుని విననిస్తే చాలు. ఇదంతా తెలుసు జోగయ్యకి. తెలియక చేశాడని ఆయన తరఫున నేను అబద్ధమాడను. ఎత్తవయ్యా మగడా, ఎత్తు! ఎత్తలేకపోయాడు. ఎత్తితే పిల్ల నోరు తన చేత్తో నొక్కినట్టనిపించింది. చెయ్యి అలా గాల్లోనే ఉండిపోయింది. పాట అయిపోయింది. చిన్న దగ్గు. ఆ తర్వాత మాట.

"అమ్మా, పాడేశాను. ఇంక ఎత్తుకుంటావా?"

ముల్లు మధ్యకొచ్చి ఆగింది. జోగయ్య నల్ల పోగులు ఊదేసి, ముల్లు మళ్లీ మొదట్లో పెట్టాడు. సముద్రపు హోరులాంటి రొద తప్ప ఏమీ లేదు. చివరి దాకా అంతే.

"బచ్చీ కౌన్ థీ, సాబ్?" అని ఆ పాపెవరో అడిగాడు బషీర్ మియా.

జోగయ్య రికార్డు సంచిలో పెట్టుకుని జేబు తడుముకున్నాడు. మియా డబ్బులు వద్దన్నాడు.

ఇంటికెళ్లే బస్సులో దారి పొడుగునా ఏం చెప్పాలా అని ఆలోచించాడు. దొరికిందంటే వినిపించమంటుంది. విన్నానంటే, నాకోసం సగమైనా ఉంచలేకపోయారా అంటుంది. అనకపోతే మరీ నరకం. పోనీ ఆ మాటొక్కటి చెబుదామా అంటే, ఆ రోజు పిల్లని ఎత్తుకోకుండా నడిపించిందని ఆవిడకి గుర్తు లేదూ?

తలుపు తీస్తూనే సత్యవతి సంచికేసి చూసింది.

"దొరికిందా?"

"లేదు" అన్నాడు. జీవితంలో భార్యతో ఆడిన మొదటి అబద్ధం, అంత తేలిగ్గా వచ్చేసింది! ఆవిడ వంటింట్లోకి వెళ్లాక పిల్ల రికార్డుని హరికథ సెట్టులో, మూడో రికార్డు ఖాళీ సంచిలో పెట్టేశాడు.

వారమంతా జ్వరమొచ్చిన మనిషిలా తిరిగాడు. ఇక సంతకి వెళ్లనని చెబుదామనుకున్నాడు. ఆదివారం పొద్దున్న సత్యవతి పులిహోర డబ్బా సంచిలో పెట్టి గుమ్మం దగ్గర నిలబడింది.

"రాత్రి కలలోకొచ్చిందండీ అది. ఆ రోజు నన్నేదో మంచిమాటే అడిగి ఉంటుంది. నవ్వుతూ చెయ్యి ఊపాను కదా" అంది. "ఇవాళైనా దొరుకుతుందేమో చూడండి."

"చూస్తాలే" అని సంచి తీసుకుని మెట్లు దిగాడు జోగయ్య.

ఎర్రకోట వెనకాల ఆ రోజు ఒక్క రికార్డు కూడా ముట్టుకోలేదు. పులిహోర తిన్నాడు. ఎండ వాలేదాకా అక్కడే కూర్చుని, దొరకలేదని చెప్పడానికి ఇంటికి బయల్దేరాడు.