అంబుజం నాటిన వాక్కాయ

సారం పేటలో నూనె కొట్టు నడిపే పురుషోత్తమన్‌కు వేదవల్లి రెండో భార్యగా వచ్చి ఏడాదైంది. ఆ ఏడాదిలో ఇల్లంతా ఆమెకు మచ్చికైంది, ఇద్దరు తప్ప. ఒకరు, పోయిన మొదటి భార్య అంబుజం కన్న పదేళ్ళ హేమావతి. రెండోది, అదే అంబుజం పెరటి గోడ వెంట నాటిన వాక్కాయ చెట్టు. పిల్ల మాట్లాడదు, చెట్టు కాయదు.

అంబుజం ఉన్నన్నాళ్ళూ ఆ ముళ్ళపొద ఏటా గంపెడు కాయలు కాసేదట. ఆ పుల్లటి ఊరగాయ ఉంటే పిల్ల రెండు ముద్దలు ఎక్కువ తినేదట. ఈ ‘అట’లన్నీ భర్త చెప్పినవే. పిల్ల నోటి నుంచి ఒక్క ముక్క రాదు. అన్నం కావాలంటే కంచం ముందుకు జరుపుతుంది, చాలంటే చెయ్యి అడ్డం పెడుతుంది. తిట్టినా బాగుండు, ఆ మౌనమే వేదవల్లి ప్రాణం తోడేసింది. ఒక్కసారి ఆ ఊరగాయ తన చేత్తో పెట్టి వడ్డిస్తే పిల్ల నోరు విప్పకపోతుందా అని ఆమె ఆశ.

ఆ ఆశ కొద్దీ చెట్టు మీద పడింది. నూనె కొట్టు ఇంట్లో, నూనె తీయగా మిగిలే పుణ్ణాక్కుకు కరువేముంది? వేరుశనగ చెక్క నానబెట్టి పొదకు విందులు చేసింది. పొద్దున రెండు బిందెలు, సాయంత్రం రెండు బిందెలు నీళ్ళు. పొద ఇల్లరికపుటల్లుడిలా తిని నిగనిగలాడింది. ఆకులే ఆకులు! పూత మాత్రం సున్నా.

మేకలకు పుణ్ణాక్కు కొనడానికి సోలై నగర్ నుంచి వచ్చే వెళ్ళైయమ్మాళ్ ఒకనాడు ఈ సేవ చూసి పగలబడి నవ్వింది.

"ఏందమ్మా ఇది? ఈ కళాక్కాయ పొద ఇసకలో, ఎండలో బతికేది. ఇట్లా మేపితే యాడ కాస్తాది? నీళ్ళు ఆపు, అదే పూస్తాది."

వేదవల్లికి సిగ్గేసింది. వానలు వెనకపట్టగానే బిందె ముట్టడం మానేసింది. వారం గడిచింది, పక్షం గడిచింది, పొద మొదట్లో మట్టి ఆరదే! ఒక మధ్యాహ్నం కునుకు పట్టక పెరట్లోకి వచ్చేసరికి సంగతి తేలింది. బడి నుంచి అన్నానికి వచ్చిన హేమావతి చెంబుతో పొదకు నీళ్ళు పోస్తోంది.

వేదవల్లి గుండె కలుక్కుమంది. తల్లి నాటిన చెట్టును సవతి తల్లి ఎండగట్టి చంపుతోందని పిల్ల అనుకుంటోంది, ఇంకేముంది!

"అమ్మణ్ణీ, నేను దాన్ని చంపేదానికి కాదమ్మా. నీళ్ళు తగ్గితేనే కాస్తాదంట. అందుకని పొయ్యలా."

హేమావతి చెంబు దించలేదు. ఏడాదిలో మొదటిసారి నోరు విప్పింది.

"నాకు తెలుసు. అమ్మ కూడా పోసేది కాదు."

"మరి ఎందుకు పోస్తా ఉండావు?"

"కాయకూడదని."

వేదవల్లి తెల్లబోయింది. పిల్ల చెంబును గుండెకు హత్తుకుంది.

"కాస్తే నువ్వు ఊరగాయ పెడతావు. కొత్తది పెట్టే రోజు పాతదంతా పక్కిళ్ళకు పంచేసి జాడీ కడిగేస్తారు. అమ్మ కూడా ఏటేటా అట్లనే చేసేది. అమ్మ పెట్టింది అడుగున ఇంకా కొంచెం ఉండాది. నేను తినను. మూత తీసి వాసన చూస్తా, అంతే."

వేదవల్లికి ఏడుపు ముంచుకొచ్చింది. తాను తెలివితక్కువగా బిందెలు కుమ్మరించినన్నాళ్ళూ ఈ పసిది నిశ్చింతగా ఉంది. తనకు తెలివి వచ్చిన రోజు నుంచి హడలిపోతోంది. పిల్లను దగ్గర చేసుకోవడానికి తాను పడ్డ పాట్లు చూడు, ఎంత దూరం తీసుకుపోయాయో!

"ఆ జాడీని నేను ముట్టను, తల్లీ. ఎవురినీ ముట్టనియ్యను. ఇది కాయకపోతే పోనీ."

అని ఊరుకోలేదు. బోరింగు దగ్గర బిందె నింపుకొచ్చి పొద మొదట్లో గుమ్మరించింది. ఇంకో బిందె తెచ్చింది. కళ్ళు తుడుచుకుంటూ మూడోది ఎత్తబోతుంటే ఒక చిన్న చెయ్యి బిందె అంచు పట్టుకుంది.

"చాలు చిన్నమ్మా, వేరు కుళ్ళిపోతాది."