బెజ్జంలోని పీచు

ఈషా మా తమ్ముడి బిడ్డ, జర్మనీలోని కీల్‌లో పురావస్తుశాస్త్రంలో ఎంఎస్ చదువుతోంది. చుట్టపుచూపుగా వెళ్లిన నన్ను ఇంట్లో ఒక్కణ్ణే వదల్లేక, ష్లెస్విగ్ దగ్గర వైకింగుల శ్మశానం తవ్వుతున్న చోటికి తీసుకుపోయేది. తొట్టి దగ్గర కూర్చొని కుండపెంకులు కడగడం నా పని.

ఆ మధ్యాహ్నం ఒక ఆడమనిషి మెడ ఎముకల దగ్గర వేలెడంత కంచు బిళ్ల దొరికింది. నిలువు కాడ మీద అడ్డకాడ; నిలువు కాడకు ఒక కొస పొట్టి, ఒక కొస పొడుగు. ఈషా దాన్ని పళ్లెంలో తెచ్చి నా పక్కన పెట్టింది.

"వెయ్యేండ్ల కిందిది పెద్దనాయినా! ఇంగ్లండు దిక్కుకెల్లి పాదిరీలు ఈడికి వచ్చిన కాలం. ఈమె కొత్త దేవునికి మొక్కిందా, పాత దేవునికా? అది తేలితే నా థీసిస్ అయినట్టే. ఉండు, డబ్బా తెస్త."

బిళ్ల నిండా చిలుము. దేవుడెవరైనా అట్లా ఉండకూడదనిపించింది. మా ఇంట్లో శుక్రవారం విగ్రహాలు తోమేది నేనే. టిఫిన్‌లో చింతతొక్కు మిగిలింది. రాసి రుద్దాను. రెండు కొసలకూ బెజ్జాలున్నాయి. ఒకదాంట్లో నారపీచులాంటిది ఇరుక్కుంటే గోటితో గీకి, నీళ్లు పోశాను. తళతళలాడింది.

ఈషా వచ్చి చూసి, డబ్బా కింద పెట్టేసింది.

"అయ్యో... ఏం జేసినవ్?"

తోమిన సంగతీ, పీచు గీకిన సంగతీ చెప్పాను.

తవ్వకాల పెద్ద ఊటె మేడమ్ వచ్చింది. కోప్పడలేదు. తొట్టి పక్కన గొంతుకూర్చొని ఏదో అడిగింది.

"ఆ పీచు తాడు ముక్కనట. పొట్టి కొసకు కట్టి ఉంటే మెడల శిలువయి వేలాడుతది, పొడుగు కొసకుంటే తలకిందులై పాత దేవుని చేతిల సుత్తె అయితది" అంది ఈషా. "ఏ కొసకుండె? నువ్వు చీమ నడిచినా చూస్తవ్ గదా. జర యాజ్జేసుకో."

మెరుపు వస్తుంటే అటూ ఇటూ తిప్పి తోమాను. కొస చూడలేదు. ఏది చెప్పినా రాసుకుంటారు, పిల్ల చదువు గట్టెక్కుతుంది. 'పొట్టి' అన్న మాట పెదవుల దాకా వచ్చింది. గుంటలో ఆమె పుర్రె పక్కకు ఒరిగి ఉంది. ఆమె దేవుణ్ణి నేను పెట్టడమేమిటి?

"ఎరుక లేదు బిడ్డా."

ఈషా చాలాసేపు ఆ మాట జర్మన్‌లో చెప్పలేదు. చెప్పాక మేడమ్ తలూపి, కాగితం మీద ఏదో గీత కొట్టి లేచిపోయింది.

"తెల్వక జేసినవ్ తియ్" అంది ఈషా, నా మొహం చూడకుండా.

నా చేతిలోని బ్రష్షు తీసుకొని మిగతా పెంకులు తనే కడిగింది. నేను పక్కనే కూర్చున్నాను.