ముగ్గురు పట్టే బాత్రూము

తన చిన్న ఆసుపత్రికి కొత్త భవనం గీయమని డాక్టరుగారు మా ఆర్కిటెక్టు ఆఫీసుకిచ్చిన కోరికల జాబితా ఇది: పన్నెండు మంచాలు పట్టాలి. గుమ్మంలో ఫౌంటెన్ ఉండాలి. గోడల రంగు చూడగానే సగం జబ్బు తగ్గాలి. డాక్టరుగారి గదిలోంచి ఫౌంటెన్ కనపడాలి. రోగికి హాయిగా ఉండాలి. ఆఖరిది పెన్సిల్‌తో రాసి ఉంది.

మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది కాబట్టి అన్నీ శ్రద్ధగా గీశాను. ఫౌంటెన్‌కు విశాలమైన చోటు దొరికింది. మిగిలిన చోట బాత్రూములు సర్దాను.

ఆ ఆసుపత్రి పాత భవనంలో మా పిన్ని ఆయా. ఇరవై రెండేళ్లుగా రోగుల్ని బాత్రూముకు నడిపిస్తోంది. అక్కడి తలుపులో ఇద్దరు పట్టరు. పోయిన నెల ఒక పెద్దాయన ఆమె చేయి వదిలి ఒక్కడే లోపలికి వెళ్లి పడ్డాడు. తుంటి విరిగింది. విచారణ జరిపి తప్పు ఆయాదేనని తేల్చారు. గదిని సంజాయిషీ అడగలేరు కదా! ఇంకొకరు పడితే పని ఊడుతుందని పిన్నికి చెప్పేశారు.

నేను గీసిన బొమ్మను పిన్ని చాలాసేపు చూసింది.

"ఏమే ఇంజనీరమ్మా, బాత్రూములోకి పోతున్న ఈ మనిషికి నా అనేవాళ్లు లేరా?"

"కొలత కోసం ఒక్క మనిషినే వేస్తాం పిన్నీ."

"మరి చేయి పట్టుకునేదెవరు? సెలైన్ సీసా మోసేదెవరు, మీ కాలేజీవాళ్లా?"

మర్నాడు మీటింగులో ఆ మాటే చెప్పాను. మా పెద్ద ఆర్కిటెక్టు నవ్వి, కొలతలన్నీ పుస్తకం ప్రకారమే ఉన్నాయన్నాడు. నాలుగు ముక్కలు చెప్పి పంపేద్దామని డాక్టరుగారు పిన్నిని పిలిపించారు. ఆమె నాచేత నేల మీద సుద్దతో బాత్రూము గీయించి, గోడలుగా కుర్చీలు పెట్టించింది.

"ఆర్కిటెక్టు బాబూ, మీకు నిన్ననే పొట్ట కోశారు. వంగి నడవండి. డాక్టరుగారూ, మీరు చంక కింద పట్టుకోండి. నువ్వు సీసా ఎత్తి పట్టుకోవే."

బయల్దేరాం. తలుపు దగ్గర డాక్టరుగారి పొట్ట, ఆర్కిటెక్టు మోచేయి, నా సీసా ఒకేసారి ఇరుక్కున్నాయి. ఒక గోడ దభీమని కూలింది.

"నన్ను వదలండి డాక్టరుగారూ, ఒక్కణ్ణే వెళ్తాను!"

"వదిలితే పడతారండీ!" అన్నారు డాక్టరుగారు.

"విచారణలో నేనూ అదే చెప్పానండీ" అంది పిన్ని.

బాత్రూములు పెద్దవయ్యాయి. చోటు ఫౌంటెన్ నుంచి తీద్దామన్నాను. ఫౌంటెన్ రోగి మనసుకు శాంతినిస్తుందట. ఆయాలు కూర్చునే గదికి అలాంటి గుణమేదీ లేదు కాబట్టి దాన్ని తీసేశారు. ఆ గీత చెరిపింది నేనే.

"పోన్లేవే, ఇక ఎవరూ పడరు. అయినా నాకు కూర్చునే తీరికెక్కడిది?" అంది పిన్ని.

ప్రారంభోత్సవానికి పదకొండు పేర్లతో రాతిపలక పెట్టారు. ఫౌంటెన్ బిగించినవాళ్ల పేరు కూడా ఉంది. ఏడాదైంది, ఇంతవరకూ ఒక్కరూ పడలేదు. మీరెప్పుడైనా ఒకరి భుజం పట్టుకుని, ఎటూ తగలకుండా ఆ బాత్రూములోకి వెళ్తే, వసారాలో గోడకు ఆనుకుని నిలబడే మా పిన్నిని ఒక్కసారి తలుచుకోండి.